పీజీ మారితే అలవాటూ మారుతుంది

జనవరి వచ్చిందంటే చాలు, బెంగళూరులో ఉన్న మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "21 రోజుల ఛాలెంజ్" మొదలవుతుంది. ఐదింటికి లేస్తాం, చక్కెర మానేస్తాం, రోజుకి పది పేజీలు చదువుతాం అని అందరూ చేతులెత్తుతారు, సంక్రాంతికి ఊరెళ్లి అరిసెలు తిని వచ్చేసరికి గ్రూపులో అలికిడి ఉండదు. అసలు ఈ 21 ఎక్కడిది? అమెరికాలో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్, ముక్కు సరిచేయించుకున్నవాళ్లు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి 1960లో రాశాడు. అంతే. అలవాట్ల మీద ఆయన ప్రయోగమేమీ చేయలేదు, పైగా ఆ "కనీసం" దారిలో ఎక్కడో రాలిపోయింది.

నిజంగా కూర్చుని కొలిచింది లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం. 96 మందిని తీసుకుని, ఎవరికి నచ్చిన పని వాళ్లనే ఎంచుకోమని, దాన్ని రోజూ ఎలాగూ జరిగే ఒకదానికి ముడిపెట్టమన్నారు. మధ్యాహ్నం భోజనంతో ఒక సీసా నీళ్లు, రాత్రి భోజనానికి ముందు పావుగంట పరుగు, అలాంటివి. ఆ పని ఎంత అప్రయత్నంగా జరిగిపోతోందో 12 వారాల పాటు రాయించుకున్నారు. 2010లో అచ్చయిన ఆ లెక్కల్లో ఒకరికి 18 రోజుల్లో కుదిరింది, ఇంకొకరికి అదే తీరున సాగితే 254 రోజులు పట్టేలా ఉంది, మధ్యస్థంగా 66. నీళ్లు తాగడం తొందరగా పట్టుబడింది, కసరత్తు అంత తేలిగ్గా లొంగలేదు. వీటన్నిటికంటే నాకు నచ్చిన సంగతి వేరే ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదు. ఒక్కరోజు ఎగ్గొట్టి "ఛీ, మనవల్ల కాదులే" అని మొత్తం వదిలేసేవాళ్లు ఇది చదవాలి.

ఆ "మనవల్ల కాదు"లోనే తిరకాసు ఉంది. అలవాటు మనిషిలో ఉంటుందనుకుంటాం, నన్నడిగితే అందులో సగం చోటులో ఉంటుంది.

బెంగళూరు మారతహళ్లిలో మా పీజీ హాస్టల్లో మూడో అంతస్తు కుర్రాడొకడు అనంతపురంలో ఉన్నన్నాళ్లూ తెల్లవారుజామున కాలేజీ గ్రౌండులో పరుగెత్తేవాడు, ఇక్కడికొచ్చాక బూట్లు మంచం కింద అట్టపెట్టెలోంచి బయటికి రాలేదు. "బద్ధకం ఎక్కువైపోయిందన్నా" అంటాడు. వాడి గది చూస్తే బద్ధకం సంగతి తర్వాత. ఫోర్ షేరింగ్, ఒకడు నైట్ షిఫ్ట్ చేసొచ్చి అప్పుడే పడుకుని ఉంటాడు కాబట్టి లైటు వేయకూడదు, బాత్రూం దగ్గర క్యూ, కింద గేటుకి తాళం, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. ఊళ్లో వాణ్ని లేపిన పాలవాడి సైకిల్ బెల్లు, వాకిట్లోనే ఉండే బూట్లు, రెండు వీధుల అవతలి గ్రౌండు, వీటిలో ఒక్కటీ వాడితో బస్సెక్కలేదు.

దీని మీద మంచి ప్రయోగమే ఉంది. డేవిడ్ నీల్, వెండీ వుడ్ బృందం (2011) సినిమా హాల్లో కొందరికి తాజా పాప్‌కార్న్, కొందరికి వారం రోజుల కిందటి మెత్తబడ్డ పాప్‌కార్న్ ఇచ్చారు. హాల్లో తినే అలవాటు బలంగా ఉన్నవాళ్లు పాతదాన్ని కూడా తాజాదాంతో సమానంగా తినేశారు. రుచి బాలేదని వాళ్లే చెప్పారు, అయినా చెయ్యి ఆగలేదు! అదే సరుకు మీటింగ్ గదిలో ఇస్తే అలా తినలేదు. హాల్లోనే, రోజూ వాడే చెయ్యి కాకుండా రెండో చేత్తో తినమన్నా అలవాటు పట్టు సడలింది. అంతకుముందు 2002లో వుడ్ బృందం డైరీలు రాయించి చూస్తే, విద్యార్థుల రోజువారీ పనుల్లో దాదాపు 43 శాతం ఇలా రోజూ అదే చోట, మనసు ఇంకెక్కడో ఉండగా జరిగిపోయేవే. మెదడు లోపల కూడా ఇదే కథ. ఎంఐటీలో ఆన్ గ్రేబియెల్ బృందం ఎలుకల్ని చాక్లెట్ ఆశ చూపి దారుల్లో పరుగెత్తించినప్పుడు, మొదట్లో స్ట్రయేటం అనే భాగంలో కణాలు దారి పొడుగునా చురుగ్గా ఉండేవి. దారి అలవాటయ్యాక ఆ చురుకు మొదట్లోనూ చివర్లోనూ తప్ప మధ్యలో తగ్గిపోయింది. మొదలుపెట్టే సంకేతం అందితే చాలు, మిగతాదంతా ఒకే మూటగా దొర్లిపోతుంది.

సంకల్పబలం కండరం లాంటిదని, వాడితే అలిసిపోతుందని చాలాకాలం పాఠాలు చెప్పారు. 2016లో 23 ప్రయోగశాలలు రెండు వేలమందికి పైగా మనుషులతో ఆ మాటని పరీక్షించే ప్రయోగాన్ని మళ్లీ చేస్తే, అలిసిపోవడం అనే ప్రభావం దాదాపు సున్నా. కాబట్టి మా కుర్రాడి కండరం మీద నింద వేయడం మానేద్దాం.

ఇందులో ఒక లాభం కూడా దాగుంది. చోటు మారితే మంచివాటితో పాటు చెడ్డ అలవాట్లూ ఊడిపోతాయి. వుడ్ బృందమే 2005లో కాలేజీ మారిన విద్యార్థుల్ని గమనిస్తే, పరిసరాలు మారినచోట పాత అలవాటు బలం పోయి, మనసులో ఏముందో దాన్ని బట్టి నడుచుకున్నారు. ఇంగ్లండ్‌లో బాస్ వెర్ప్‌లాంకెన్, డెబొరా రాయ్ 800 మందితో చేసిన పరిశీలనలో కొత్తగా ఇల్లు మారినవాళ్లు పద్ధతులు తేలిగ్గా మార్చుకున్నారు, అయితే ఆ వెసులుబాటు సుమారు మూడు నెలలే. 2014 ఫిబ్రవరిలో లండన్ మెట్రో సమ్మె రెండు రోజులు జరిగితే, గత్యంతరం లేక వేరే దారి పట్టినవాళ్లలో కొంతమంది, మొత్తం ప్రయాణికుల్లో ఓ 5 శాతం, సమ్మె అయిపోయాక కూడా కొత్త దారినే కొనసాగారట. ఏళ్లతరబడి తిరుగుతున్న దారి కంటే మేలైనది పక్కనే ఉన్నా చూడలేదన్నమాట. 2025 ఆగస్టులో మన బెంగళూరు మెట్రో ఎల్లో లైన్ సిల్క్ బోర్డు మీదుగా బొమ్మసంద్రకి పరుగు మొదలుపెట్టాక కూడా బైకు మీద చెమటలు కక్కుతూ ఎలక్ట్రానిక్ సిటీకి వెళ్లేవాళ్లని చూస్తే నాకు ఆ లండన్‌వాళ్లే గుర్తొస్తారు.

ఇక స్వతంత్రం సంగతి. ఊరు వదిలొస్తే ఎక్కడికెళ్లావు, ఎందుకు లేటైందని అడిగే నాన్న ఉండడు కాబట్టి మనంత స్వేచ్ఛాజీవి లేడనుకుంటాం. కానీ నాన్న ఖాళీ చేసిన కుర్చీలో ఫోను కూర్చుంటుంది. రాత్రి పదిన్నరకి ఆకలి వేయకపోయినా బిర్యానీ ఆఫర్ మోగుతుంది, మోగగానే చెయ్యి వెళ్తుంది, అక్కడ నిర్ణయం తీసుకున్నది ఎవరు? ఆఫీసుల్లో రోజుకి పదివేల అడుగులు నడిస్తే గిఫ్ట్ కూపన్ ఇస్తామనే పోటీలు కూడా నాకు అనుమానమే. ఎడ్వర్డ్ డెసీ 1971లో అచ్చువేసిన ప్రయోగంలో పజిళ్లు సరదాగా చేసే విద్యార్థులకి ఒకసారి డబ్బులిచ్చి తర్వాత ఆపేస్తే, ఖాళీ సమయంలో వాటి జోలికి వెళ్లడం తగ్గింది. 1999లో 128 ప్రయోగాలు కలిపి చూసినప్పుడు కూడా, ముందే చెప్పి ఇచ్చే బహుమతి సొంత ఇష్టాన్ని తగ్గిస్తుందని తేలింది. మెచ్చుకోలు మాట మాత్రం అలా చేయలేదు. కూపన్లు ఆగిన నెలలో మెట్ల దారి ఎలా ఖాళీ అవుతుందో చూసినవాళ్లకి ఇది కొత్తేం కాదు.

అయితే సంకేతాలు మనమే పెట్టుకోవచ్చు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన పద్ధతి మరీ చిన్నది: "రోజూ నడుస్తా" అనుకోవడం మానేసి, "ఫలానా చోట ఫలానాది జరగ్గానే నేను ఈ పని చేస్తా" అని ముందే అనుకోవడం. 2006 నాటికి దీని మీద జరిగిన 94 పరీక్షల్ని కలిపి చూస్తే ప్రభావం గట్టిగానే ఉంది. మా కుర్రాడు తెల్లవారుజాముని వదిలేశాడు. ఇప్పుడు బూట్లు ఆఫీసు బ్యాగులో ఉంటాయి, కుందలహళ్లి గేటు దగ్గర క్యాబ్ దిగగానే గదికి రాకుండా అటునుంచటే నడకకి పోతాడు. గదికొస్తే మంచం కనిపిస్తుంది, మంచం కనిపిస్తే ఇంకేముంది.

మనోనిబ్బరం కూడా ఇలా సాధనతో వచ్చేదేనంటే కొందరు ఒప్పుకోరు, అది పుట్టుకతో రావాలంటారు. రాత్రి తొమ్మిదిన్నరకి మెట్ల మీద కూర్చుని "బాగానే ఉన్నానమ్మా, తిన్నాను, కూర బాగుంది" అని చెప్పే పిల్లలు ప్రతి పీజీలో ఉంటారు. అమ్మ కంగారు పడకూడదని దాచడం తప్పు కాదు, కాకపోతే దానికి ఖర్చుంది. జేమ్స్ గ్రాస్ 1998లో అసహ్యం పుట్టించే వీడియో చూపించి కొందరిని మొహంలో ఏమీ కనిపించనీయొద్దన్నాడు. మొహం దాచగలిగారు, లోపలి అసహ్యం మాత్రం తగ్గలేదు, పైగా శరీరంలో ఒత్తిడి సూచనలు పెరిగాయి. మరి ఏం చేయాలి? లాస్ ఏంజెలెస్‌లో 2012లో సాలీళ్లంటే హడలిపోయే 88 మందిని టారంటులా అనే పెద్ద సాలీడు దగ్గరికి తీసుకెళ్లారు. కొందరు "అది చిన్న ప్రాణి, ఏం చేయదు" అని సర్దిచెప్పుకున్నారు, కొందరు సంబంధం లేని విషయాలు మాట్లాడారు, కొందరు "ఈ దిక్కుమాలినదాన్ని చూస్తే నాకు భయంగా ఉంది" అని ఉన్నదున్నట్టు చెప్పేశారు. వారం తర్వాత మళ్లీ సాలీడు ముందు నిలబెడితే, చేతుల్లో చెమట తక్కువగా పట్టింది చివరి గుంపుకే. ఎక్కువ భయం మాటలు వాడినవాళ్లకి ఎక్కువ మేలు జరిగింది. నాకైతే సర్దిచెప్పుకున్నవాళ్లు గెలుస్తారనిపించేది. క్యాబ్ కోసం నిలబడే పది నిమిషాల్లో "టెన్షన్‌గా ఉంది" అని సరిపెట్టకుండా, మీటింగులో అందరి ముందూ అన్నందుకు అవమానంగా ఉందా, ఉద్యోగం పోతుందని భయంగా ఉందా అని విడదీసి ఫోన్లో ఒక్క లైను రాసుకుంటే చాలు. మిషిగన్‌లో ఈథన్ క్రాస్ చేసిన ప్రయోగాల్లో (2014), నేను అనకుండా సొంత పేరు పెట్టి తనతో తాను మాట్లాడుకున్నవాళ్లు ప్రసంగం టెన్షన్‌ని బాగా తట్టుకున్నారు. "ఒరేయ్ రమేషూ, ఇప్పుడేమైందిరా" అనుకోవడం మనకి తెలిసిన విద్యే. ఇదంతా మామూలు చికాకులకి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, ఏ పనీ చేయబుద్ధి కాకపోయినా 14416కి ఫోన్ చేయండి, బెంగళూరులోనే ఉన్న మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ముఖ్య కేంద్రంగా 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ అది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మనసు తెరిచి ఉంచుకోవడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే మూసుకుపోయిందని లోపలున్నవాడికి తెలీదు. 1979లో స్టాన్‌ఫర్డ్‌లో చార్లెస్ లార్డ్ బృందం ఉరిశిక్షని సమర్థించే 24 మందికీ వ్యతిరేకించే 24 మందికీ అవే రెండు అధ్యయనాలు ఇచ్చింది, ఒకటి అటు, ఒకటి ఇటు. చదివాక రెండు గుంపులూ దగ్గరికి రాలేదు సరికదా, ఎవరి వాదంలో వాళ్లు ఇంకా బిగుసుకున్నామని చెప్పారు. 1984లో అదే బృందం ఒక గుంపుకి "జడ్జీలా నిష్పక్షపాతంగా చదవండి" అని చెప్పింది. ఉపయోగం లేదు. ఇంకో గుంపుకి "ఇదే అధ్యయనం ఎదురు ఫలితం ఇచ్చి ఉంటే అప్పుడు కూడా దీన్ని ఇలాగే మెచ్చుకునేవాళ్లా?" అని ప్రశ్నించుకోమంది. అది పనిచేసింది. నిష్పక్షపాతంగా ఉండు అనేది ఉపదేశం, ఈ ప్రశ్న చేతికి అందే పని. ఫార్వర్డ్ బటన్ మీద వేలు పెట్టిన ప్రతిసారీ మనల్ని మనం ఇది అడగొచ్చు.

ఇంకో చిట్కా యేల్‌లో రోజెన్‌బ్లిట్, కైల్ (2002) పుణ్యమా అని వచ్చింది. జిప్పు ఎలా పనిచేస్తుందో తెలుసా అంటే జనం తెలుసంటారు, ఏదీ మెట్టుమెట్టుగా చెప్పండి అంటే తమకి తాము వేసుకున్న మార్కులు తగ్గించుకుంటారు. 2024 ఎండాకాలంలో బెంగళూరులో వేలాది బోర్లు ఎండిపోయి మా వీధికి ట్యాంకర్లు రావడం కూడా గగనమైనప్పుడు, రాత్రి భోజనాల దగ్గర తప్పు బయటినుంచి వచ్చిన మనదే అని కొందరు, కాదు చెరువులు మింగిన బిల్డర్లదే అని కొందరు పెరుగన్నం చల్లారిపోయేదాకా అరుచుకున్నారు. నెల్లూరు కుర్రాడొకడు "సరే, మన కుళాయిలోకి నీళ్లు ఎలా వస్తాయో ముందు చెప్పండి" అన్నాడు. కావేరి నీళ్లు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, అర కిలోమీటరు ఎత్తుకి, మూడుచోట్ల పంపులతో తోస్తే ఊరు చేరతాయని ఒకడు ఫోన్లో చూసి చదివాడు. మరి మన వీధికి ఆ పైపు ఉందా, లేకపోతే ఈ ట్యాంకరు ఏ బోరు నుంచి నింపుకొస్తోంది అని అడిగితే ఎవరికీ తెలీదు. ఓనర్ అంకుల్‌ని పిలిచారు. ఆయనకీ తెలీదట, ట్యాంకర్ డ్రైవర్ నంబరిచ్చి వెళ్లిపోయాడు.