రాకెట్టు క్యారియర్ గిన్నెలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సూళ్లూరుపేటలో అత్తయ్య వాళ్ల మేడ మీది నుంచి రాకెట్టును చూశాక మన చిన్నది అడిగింది: "తాతయ్యా, అంత డబ్బు పెట్టి కట్టిన రాకెట్టును దారిలో ముక్కలుగా ఎందుకు పారేస్తారు?" ఫోనులో తేలే ప్రశ్న కాదని ఉత్తరం రాస్తున్నాను.

నా చిన్నప్పుడు జాతరకు కాలినడకన వెళ్లేవాళ్లం. మూడు గిన్నెల ఇత్తడి క్యారియర్ మోసే పని నాది. దూరం ఎక్కువైతే తిండి ఎక్కువ కట్టుకోవాలి. బరువెక్కితే మోసేవాడికి ఆకలి పెరుగుతుంది. ఆ ఆకలికి మరో రెండు ముద్దలు. ఆ ముద్దల బరువుకు మళ్లీ ఇంకాస్త ఆకలి! రాకెట్టు బాధ అంతా ఇదే. మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు 320 టన్నుల బరువుతో లేచి, 600 కిలోమీటర్ల పైకి చేర్చేది 1,750 కిలోలు. మిగిలినదాంట్లో చాలావరకు దారిబత్తెమే, అంటే ఇంధనమే.

ఒకసారి పులిహోర అయిపోగానే, బరువు తగ్గుతుంది కదా అని ఖాళీ గిన్నెను తుమ్మచెట్టు కింద వదిలేసి వచ్చాను. అమ్మ వారం రోజులు తిట్టింది. రాకెట్టు చేసేదీ అదే పని. కాకపోతే మన క్యారియర్‌లో పైగిన్నె ముందు ఖాళీ అవుతుంది, దానికి అడుగుగిన్నె.

ఈ బరువుల లెక్కను కాగితం మీద తేల్చిన తొలివారిలో ఒకడు రష్యాలో ఒక లెక్కల మాస్టారు, కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ. 1857లో పుట్టాడు. పదేళ్ల వయసులో స్కార్లెట్ జ్వరం వచ్చి చెవులు దాదాపు పోయాయి. పాఠం వినబడని పిల్లవాడికి బడి సాగలేదు. పదహారేళ్లకు మాస్కో చేరి, మూడేళ్లు గ్రంథాలయంలో కూర్చుని తనంతట తానే చదువుకున్నాడు. ఇంటి నుంచి వచ్చే కొద్దిపాటి డబ్బు పుస్తకాలకూ రసాయనాలకూ పోగా, మిగిలిన దానితో నల్లరొట్టె కొనుక్కునేవాడు. (మీరు మాత్రం అన్నం మానకండి.) తర్వాత కలూగా అనే ఊళ్లో పిల్లలకు పాఠాలు చెబుతూ, రేకుతో తానే చేసుకున్న గరాటాను చెవికి ఆనించుకుని మనుషుల మాటలు వినేవాడు.

ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్‌లను మండించి రాకెట్టు నడపవచ్చని ఆయన 1903లోనే అచ్చు వేయించాడు. 1929లో 'రాకెట్ల రైలు' గురించి రాశాడు. అయిపోయిన పెట్టెను వదిలేస్తూ సాగే రైలు అన్నమాట. ఒక్క రాకెట్టునూ ఎగరేయకుండానే 1935లో పోయాడు. ఆయన నూరేళ్ల పండుగ ఏడాది, 1957లో, మొట్టమొదటి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ పైకి లేచింది.

ఇక్కడితో నా క్యారియర్ పని అయిపోయింది. మనం తిని, నేలను తన్ని నడుస్తాం. పైన తన్నడానికి నేల లేదు. రాకెట్టు తిన్నదాన్నే వెనక్కి ఊది ముందుకు పోతుంది. అదెలాగో నేను చెప్పడం కన్నా, బెలూన్ ఊది మూతి కట్టకుండా వదలండి.

ఈసారి శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజు మళ్లీ మేడ ఎక్కండి. వెలుగు కనబడగానే ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టండి. చప్పుడు వెంటనే రాదు. అది వచ్చేదాకా, వినబడని ఆ మాస్టారు అక్కడ ఉంటే ఎలా చూసేవాడో మీరూ అలాగే చూస్తారు. ఎన్నో అంకె దగ్గర ఉరుము వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య