మత్తు ఎంత ఇస్తారండీ?

తిరుపతిలో ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆపరేషన్ థియేటర్ బయట బంధువులు అడిగే ప్రశ్న ఒకటుంది: "మత్తు ఎంత ఇస్తారండీ?" మత్తు డాక్టరుకు అది మూడు ప్రశ్నల పెట్టు. మందు ఎన్ని మిల్లీలీటర్లు, ఎంత శాతం, మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు? నడుము దగ్గర వెన్నులో సన్నని గొట్టం ఉంచి మత్తుమందు ఎక్కించే ఎపిడ్యూరల్‌లో ఈ మూడు అంకెలూ మూడు వేర్వేరు పనులు చేస్తాయి.

ముందు చోటు సంగతి. నడుముకు సూది అనగానే అందరికీ సిజేరియన్ గుర్తుకొస్తుంది. అక్కడ ఎక్కువగా ఇచ్చేది స్పైనల్. సూది వెన్నుపామును కప్పి ఉంచే డ్యూరా పొరను దాటి లోపలి వెన్నుద్రవంలోకి వెళ్తుంది కాబట్టి సుమారు రెండు మిల్లీలీటర్లు సరిపోతాయి. ఎపిడ్యూరల్ సూది ఆ పొరకు ఇవతలే ఆగాలి. సిరంజిలో సెలైన్ నింపి, పిస్టన్‌ను బొటనవేలితో నొక్కుతూ సూదిని కొద్దికొద్దిగా ముందుకు జరుపుతారు. పసుపురంగు లిగమెంట్‌లో ఉన్నంతసేపూ పిస్టన్ మొరాయిస్తుంది. అది దాటగానే చటుక్కున జారిపోతుంది. చాలామందిలో చర్మం నుంచి అక్కడికి నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్ల లోతు ఉంటుంది. ఆ చోట, కొవ్వు, సిరల మధ్య, సన్నని గొట్టం ఉంచి సూది తీసేస్తారు. ఈ సూది పడితే జీవితాంతం నడుము నొప్పి తప్పదని మన ఊళ్లలో గట్టి నమ్మకం. గుచ్చిన చోట కొన్నాళ్లు సలపడం నిజమే. దీర్ఘకాలపు నడుము నొప్పికి మాత్రం ఎపిడ్యూరల్‌తో సంబంధం ఉన్నట్టు పరిశోధనల్లో తేలలేదు.

ఇక అంకెలు. వేరుశనగ మడికి నీళ్లు కట్టినప్పుడు తడి ఎంత దూరం పారుతుందనేది నీటి పరిమాణాన్ని బట్టి ఉంటుంది. ఆ నీటిలో ఎంత ఎరువు కరిగి ఉందనేది వేరే లెక్క. ఎపిడ్యూరల్‌లోనూ అంతే. వెన్ను పొడవునా మెట్లలా ఒకదాని పైన ఒకటి బయటికి వచ్చే నరాల్లో మందు ఎన్ని మెట్లు ఎక్కాలో మిల్లీలీటర్లు నిర్ణయిస్తాయి. ఒక్కో మెట్టుకు ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్లని అంచనా. నరం ఎంతగా మొద్దుబారాలో శాతం నిర్ణయిస్తుంది. నొప్పిని మోసే సన్నని నరపోగులు పలచని మందుకే లొంగుతాయి. కండరాలను ఆడించే లావుపాటి పోగులకు చిక్కటి మందు కావాలి.

అందుకే పురిటి నొప్పులకు 0.1 శాతం బ్యూపివకైన్ అనే మత్తుమందులో, ఫెంటానిల్ అనే నొప్పి మందు కాస్త కలిపి ఇస్తారు. నొప్పి తగ్గుతుంది, కాళ్లు ఆడతాయి, బిడ్డను నెట్టే బలం మిగులుతుంది. పది మిల్లీలీటర్లిస్తే ఒంట్లోకి వెళ్లే బ్యూపివకైన్ 10 మిల్లీగ్రాములే. మోకాలి శస్త్రచికిత్సకు 0.5 శాతం మందు వాడితే అవే పది మిల్లీలీటర్లలో 50 మిల్లీగ్రాములుంటాయి. ఒక శాతం అంటే మిల్లీలీటరుకు పది మిల్లీగ్రాములు. ఈ ఒక్క లెక్క తడబడితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఎందుకంటే ప్రమాదమంతా మిల్లీగ్రాముల్లోనే ఉంది. లిగ్నోకైన్ అనేది మరో మత్తుమందు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్‌కు కిలో బరువుకు 7 మిల్లీగ్రాములు, బ్యూపివకైన్‌కు సుమారు 2 అనేది వాడుకలో ఉన్న హద్దు. 60 కిలోల మనిషికి 2 శాతం లిగ్నోకైన్ 20 మిల్లీలీటర్లు ఎక్కిస్తే 400 మిల్లీగ్రాములవుతుంది, హద్దేమో 420. లిగ్నోకైన్ త్వరగా పట్టి త్వరగా వదులుతుంది. బ్యూపివకైన్ గంటల తరబడి పనిచేస్తుంది కానీ, పొరపాటున రక్తంలోకి పోతే గుండె కొట్టుకోవడానికి కావాల్సిన సోడియం లోపలికి వెళ్లే ద్వారాలను పట్టుకుని ఒక పట్టాన వదలదు. అలాంటి గుండె ఆగిన కేసుల గురించి 1979లో అమెరికా వైద్యుడు జార్జ్ ఆల్‌బ్రైట్ హెచ్చరించారు. ఆ తర్వాత అక్కడ కాన్పులకు 0.75 శాతం బ్యూపివకైన్ వాడకం ఆగింది. గుండెకు కొంత తక్కువ ముప్పున్న రోపివకైన్ అనే మత్తుమందు రావడం వెనుక ఉన్నదీ ఆ భయమే.

కాబట్టి గొట్టం సరైన చోటే ఉందో లేదో తెలియడానికి మొదట మూడు మిల్లీలీటర్లే ఇచ్చి చూస్తారు: 45 మిల్లీగ్రాముల లిగ్నోకైన్, 15 మైక్రోగ్రాముల అడ్రినలిన్. గొట్టం సిరలో ఉంటే నిమిషంలోపే గుండె వేగం పెరుగుతుంది. వెన్నుద్రవంలో ఉంటే కొద్ది నిమిషాల్లో కాళ్లు బరువెక్కుతాయి. పురిటి నొప్పులతోనే గుండె దడదడలాడుతున్న తల్లిలో ఈ పరీక్ష అంత నమ్మకమైంది కాదు. అందుకే ఆ తర్వాతి మందు కూడా ఐదేసి మిల్లీలీటర్లుగా, ఆగి ఆగి ఇస్తారు. ఆ సమయంలో పెదవుల చుట్టూ తిమ్మిరి, నోట్లో ఇనుప రుచి, చెవుల్లో హోరు అనిపిస్తే వెంటనే చెప్పాలి. మొహమాటపడే సమయం కాదది. మందు విషమిస్తే విరుగుడుగా 20 శాతం కొవ్వు ద్రావణం కిలోకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున సిరలోకి ఎక్కిస్తారు. దానికి దారి చూపింది 1998లో ఎలుకలపై జరిగిన ప్రయోగం.

గర్భిణులకూ వృద్ధులకూ మోతాదు తగ్గిస్తారు. అదే మందు వాళ్లలో ఇంకా పైదాకా పాకుతుంది.

పురిటి నొప్పుల మధ్య హఠాత్తుగా సిజేరియన్ అవసరమైతే ఈ లెక్కంతా మళ్లీ మారుతుంది. గొట్టం అదే, చోటు అదే. పలచని బ్యూపివకైన్ ఆపి, అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకైన్‌ను 15 నుంచి 20 మిల్లీలీటర్ల దాకా విడతలుగా ఇస్తారు. అందులో కొంచెం సోడియం బైకార్బొనేట్ కలిపితే ఇంకా త్వరగా పట్టుతుంది. బొడ్డు మట్టం దాకా ఉన్న మత్తు ఇప్పుడు చనుమొనల మట్టానికి ఎక్కాలి. స్పిరిట్ తడిపిన దూదిని కింది నుంచి పైకి ఆనిస్తూ "చల్లగా ఉందా అమ్మా?" అని అడుగుతారు. ఆ మట్టం కంటే కిందే చల్లదనం తెలుస్తుంటే, ఇంకా కోత పెట్టవద్దని సర్జన్‌కు చెబుతారు.