సిమెంటు సంచి పొడైంది, మరి రోడ్డు కింద గుడ్డ?

పిల్లలూ,

మొన్న అనంతపురం నుంచి మనవరాలు ఫోన్ చేసి, "తాతా, డాబా మీద పోయినేడు పరిచిన సిమెంటు సంచి పట్టుకుంటే చేతిలోనే పొడిపొడి అయిపోయింది, మన ఊరి కొత్త రోడ్డు కింద తెల్లగుడ్డ పరుస్తున్నారే, అదీ ప్లాస్టిక్కేనంట, మరి అది ఎట్లా ఆగుతుంది" అని అడిగింది. మంచి ప్రశ్న, అందుకే మీ అందరికీ రాస్తున్నా.

దాన్ని జియోటెక్స్‌టైల్ అంటారు. నల్లరేగడిలో వానొస్తే కంకర బురదలోకి దిగిపోతుంది, బురద పైకి ఎగదన్నుతుంది, రెండూ కలవకుండా మధ్యలో ఈ గుడ్డ, నీళ్లని మాత్రం పోనిస్తుంది. ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తోనే చేస్తారు, మీ సిమెంటు సంచీ అదే.

ఇప్పుడు ఆవకాయ జాడీ గుర్తు తెచ్చుకోండి. ముక్క మీద నూనె తేలుతున్నంత కాలం బూజు రాదు, నూనె ఇంకి ముక్క బయటపడిందా, ఇక అంతే. ప్లాస్టిక్ దారంలోనూ ఫ్యాక్టరీలో కాస్త మందు కలుపుతారు, గాలిలోని ఆక్సిజన్ ముందు ఆ మందుని తింటుంది, అదున్నంత కాలం దారం జోలికి రాదు. ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు, వేడి కలిశాయంటే జాడీ మూత తీసి పెట్టినట్టే, పది డిగ్రీల వేడి పెరిగితే పాడయ్యే వేగం సుమారు రెట్టింపవుతుంది. ఫారం పాండ్‌లో, అంటే పొలంలో వాననీళ్లు నిలవుంచే గుంటలో, పరిచే నల్ల ప్లాస్టిక్ షీటు చూశారుగా, అందులో 2-3 శాతం మసి కలుపుతారు, అది జాడీకి వాసెన కట్టినట్టు, కిరణాల్ని లోపలికి పోనివ్వదు.

అందుకే గుడ్డ పరిచాక రెండు వారాల్లోపు కంకరో మట్టో కప్పేయాలని ఇంజనీర్లు పట్టుబడతారు. కప్పాక వెలుతురే ఉండదు, మే నెలలో పైన తారు 60 డిగ్రీలు దాటినా లోతుకి పోయేకొద్దీ వేడి తగ్గిపోతుంది. పాలిస్టర్ గుడ్డయితే దానికి తడీ సున్నమూ పడవు, మన పొడి నేల దానికి మేలే.

నా చిన్నప్పుడు ఇవేవీ లేవు, అన్నీ గోనె సంచులే. ఎండాకాలం వాటిని తడిపి కిటికీలకి వేలాడదీస్తే గదంతా జనపనార వాసన, సాయంత్రం అవ్వ వాటిని తీసి ఆరేసేది, తడి మీదే మూలన పడేస్తే చీకిపోతాయని మమ్మల్ని కేకలేసేది. దేనికి ఏది పడదో ఆవిడకి బాగా తెలుసు, మీరూ అట్లా వస్తువుల్ని కాస్త గమనించడం నేర్చుకోండి.

సెలవుల్లో ఒక పని చేయండి. ఒకే సిమెంటు సంచిలోంచి రెండు ముక్కలు కత్తిరించి, ఒకటి డాబా మీద ఎండకి రాయి బరువు పెట్టి ఉంచండి, ఇంకోటి కుండీ మట్టిలో బెత్తెడు లోతున పెట్టండి. దసరాకి రెండూ తీసి లాగి చూసి నాకు రాయండి. పొడైన ముక్కల్ని మాత్రం మట్టిలో కలపొద్దు, ఊడ్చి చెత్తబుట్టలో వేయండి.

మీ తాత