కిటికీ పక్కన ముఖం ఎందుకంత బాగుంటుంది?

మిట్టమధ్యాహ్నం ఎండలో ఫొటో తీస్తే కళ్ళ కింద నల్లటి గుంటలు, ముక్కు కింద నీడ, నుదుటి మీద మెరుపు. అదే మనిషిని అదే ఫోన్‌తో ఇంట్లో కిటికీ పక్కన కూర్చోబెట్టి తీస్తే ముఖం ఎంత హాయిగా ఉంటుందో! ఈ తేడాకీ ఫోన్ ఖరీదుకీ సంబంధం లేదు, వెలుగు ఎంత పెద్ద చోటు నుంచి వస్తోందన్నదే అసలు విషయం.

సూర్యుడు చాలా పెద్దవాడే, కానీ 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు కాబట్టి మన ఆకాశంలో అర డిగ్రీ వెడల్పే, అంటే పున్నమి చంద్రుడంతే. అంత చిన్న చోటు నుంచి వచ్చే వెలుగు దాదాపు ఒకే దిక్కు నుంచి పడుతుంది, ముక్కు అడ్డొస్తే దాని వెనకాల చీకటే, నీడ అంచు గీత గీసినట్టు ఉంటుంది. మబ్బు పట్టిందనుకోండి, ఆకాశమంతా దీపమైపోతుంది, అన్ని వైపుల నుంచీ వెలుగు రావడంతో నీడలు కరిగిపోతాయి. కిటికీ చేసేదీ అదే (నేరుగా ఎండ పడని కిటికీ అయితేనే). కాకపోతే దగ్గరగా కూర్చోవాలి. మూడడుగుల్లో ఉంటే కిటికీ పెద్ద దీపం, గది అవతలి మూలకు వెళితే అదే కిటికీ చిన్నదైపోయి నీడలు మళ్ళీ గట్టిపడతాయి. ఫోన్ ఫ్లాష్ నాకు అస్సలు నచ్చకపోవడానికి కారణం కూడా ఇదే: గింజంత దీపం, పైగా లెన్స్ పక్కనే ఉండి ముఖంలోని ఎత్తుపల్లాల్ని చదును చేసేస్తుంది.

ఈ సంగతిని సినిమా ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్రా ఎంత అందంగా వాడుకున్నారో చూడండి. సత్యజిత్ రాయ్ 1956లో తీసిన 'అపరాజితో' సినిమా కోసం కాశీలోని ఒక ఇంటి లోగిలిని స్టూడియోలో సెట్ వేశారు. పైనుంచి ఆకాశం వెలుగు మాత్రమే దిగే లోగిలి అది, మన మండువా ఇళ్ళలో ఉండే వెలుగే. స్టూడియో దీపాలు నేరుగా వేస్తే ఆ మెత్తదనం రాదు. అందుకని ఆయన సెట్ పైన తెల్లగుడ్డ పరిపించి, కింద నుంచి దీపాల్ని దాని మీదికి కొట్టించి, తిరిగి కిందికి దిగిన వెలుగులో షూట్ చేశారు. ఆ గుడ్డే ఆకాశం అయింది! మీ ఇంట్లో అయితే తెల్ల పంచో థర్మాకోల్ అట్టో చాలు, కిటికీకి ఎదురుగా, ముఖానికి నీడ పడే వైపు పట్టుకుంటే ఆ చెంప కూడా వెలుగుతుంది.

కిటికీ దగ్గర కూర్చుంటే ఇంకో లాభం ఉంది. చిన్న బల్బు నుంచి రెట్టింపు దూరం జరిగితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. కిటికీ విషయంలో లెక్క అంత కచ్చితంగా ఉండదు గానీ దూరం పెరిగేకొద్దీ తగ్గడం మాత్రం ఖాయం. కాబట్టి మనిషి కిటికీ పక్కన, గోడ బాగా వెనకాల ఉంటే, స్క్రీన్ మీద ముఖాన్ని తాకి ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుగు మోతాదు) కాస్త తగ్గించండి, గోడ మీది క్యాలెండర్లూ వేలాడే బట్టలూ చీకట్లోకి వెళ్ళిపోతాయి. గదిలో పసుపు బల్బు వెలుగుతుంటే ఆర్పేయండి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం వైపు; దాని వెలుగు దాదాపు 2,700 కెల్విన్, పగటి వెలుగు 5,500 దరిదాపుల్లో, ఈ రెండూ ఒకే ముఖం మీద పడితే ఒక చెంప నారింజ, ఒక చెంప నీలం. ఏ ఎడిటింగూ దాన్ని సులభంగా సరిచేయలేదు.

రాత్రి ఎల్‌ఈడీ దీపాల కింద తీయక తప్పనప్పుడు ఫొటోలో అడ్డంగా నల్ల చారలు వస్తే ఫోన్ పాడైందని టెన్షన్ పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 సార్లు ఊగుతుంది, నాసిరకం దీపాలు ఒక్కో ఊపుకు రెండేసి చొప్పున సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, షట్టర్ (కెమెరా వెలుగును లోపలికి తీసుకునే సమయం) మరీ వేగంగా ఉంటే ఆ మినుకు చారలుగా పడుతుంది. కెమెరాలో సెట్టింగులు మనమే మార్చుకునే ప్రో మోడ్‌లోకి వెళ్ళి షట్టర్ సెకనులో 1/100 వంతు గానీ 1/50 వంతు గానీ పెడితే చారలు పోతాయి, 1/50 దగ్గర మాత్రం చెయ్యి కదలకుండా మోచేతులు దేనికైనా ఆనించుకోండి.