గౌను జేబులో కంకర

మా మేనకోడలి గౌన్లు ఉతకడానికి వేసేముందు జేబులు తడిమి చూడడం మా అక్కకు అలవాటైపోయింది. ఇల్లు కడుతున్న ప్రతిచోటా పోసి ఉండే కంకర కుప్పే హైదరాబాదులో పెరుగుతున్న ఆ ఆరేళ్ల పిల్లకు గని. అందులోంచి ఏరి తెచ్చిన రాళ్లను పాత మిఠాయి డబ్బాలో దాచుకుంటుంది, ఒక్కటి తగ్గినా ఇట్టే కనిపెడుతుంది.

పెద్దలకు ఒకేలా కనిపించే ఆ రాళ్లను ఆమె గులాబీవి, మెరిసేవి, నల్లవి అని మూడు కుప్పలు చేసింది. ఆ విభజనను తేలిగ్గా తీసిపారేయలేం. ఇక్కడి గ్రానైటుకు గులాబీ రంగునిచ్చేది ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. ఎండలో తళుక్కుమనే రేకులు అభ్రకానివి, మన పెద్దలు కాకిబంగారం అనేది దీన్నే. వాటి మధ్య గాజుపెంకులా బూడిదరంగులో ఉండేది పలుగురాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల క్రితం భూగర్భంలో కరిగి ఉన్న శిల నిదానంగా చల్లారింది కాబట్టే ఈ స్ఫటికాలు విడివిడిగా కంటికి ఆనేంతగా పెరిగాయి. నల్ల కుప్పలో వికారాబాదు వైపు నుంచి వచ్చిన బసాల్టు ముక్క సంగతి వేరు. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల క్రితం లావాగా నేలమీదికి పొంగి త్వరగా గట్టిపడినందువల్ల దాని రేణువులు కంటికి ఆనవు.

అయితే రంగు తరచూ మోసం చేస్తుంది. కాఠిన్యం అంత సులభంగా మోసం చేయదు. 1812లో ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ రూపొందించిన కొలబద్దలో అన్నిటికన్నా మెత్తని ఖనిజం టాల్క్ 1, అన్నిటికన్నా గట్టిదైన వజ్రం 10. టాల్క్ ఉన్న బలపం గోటితో గీరినా పొడి రాలుస్తుంది. 7వ స్థానంలో ఉన్న పలుగురాయి గాజును సైతం గీస్తుంది. పాత సీసా మీద నేను చూపించిన ఈ ప్రయోగాన్ని ఆ పిల్ల మర్నాడు బీరువా అద్దం మీద చేసింది. ఆ నేరంలో నా వాటాను మా అక్క ముందు ఒప్పుకున్నాను.

ఈమధ్య కడప ప్రాంతంలోని మంగంపేట నుంచి ఒక ముగ్గురాయి తెచ్చి ఇచ్చాను. ఒంటిచేత్తో అందుకోబోయిన ఆమె, చెయ్యి కిందికి జారడంతో రెండో చెయ్యి పట్టి, "మామయ్యా, దీని లోపల ఇనుముందా?" అని అడిగింది. ఇనుము కాదు, బేరియం అనే లోహం. దాని పరమాణువులు బరువైనవి కాబట్టి గ్రానైటు నీటికంటే సుమారు 2.7 రెట్లు బరువుంటే, ముగ్గురాయి 4.5 రెట్లు ఉంటుంది. చమురు బావులు తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడిని అణచడానికి దీని పొడిని బావిలోకి పంపే బురదలో కలిపేది ఈ బరువు కోసమే.

తెల్లగా ఉన్న ఆ రాయి ఆమె మూడు కుప్పల్లో దేనిలోనూ ఇమడలేదు. కాసేపు అటూ ఇటూ మార్చి చూసి, చివరికి డబ్బా మూతలో దాన్నొక్కదాన్నే పెట్టి, "ఇది బరువువాటి కుప్ప" అంది.