ఐరిష్ మూలాల వేట: అపోహలు - వాస్తవాలు

ఐర్లండ్ ఇంటిపేర్లు మనకు మరీ కొత్తేం కాదు. సికింద్రాబాద్, విశాఖ, కాజీపేటల ఆంగ్లో ఇండియన్ కుటుంబాల్లో అవి ఉన్నాయి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉంటున్న తెలుగువాళ్ల కోడళ్ల వైపు, అల్లుళ్ల వైపు కూడా తగులుతుంటాయి. "మా తాతల ఊరు ఎక్కడో కనుక్కోవాలి" అని వచ్చేవాళ్లలో తరచూ కనిపించే అపోహలు ఇవి.

అపోహ: 1922లో అంతా తగలబడిపోయింది, ఇక వెతికి లాభం లేదు.

సగమే నిజం. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి కాలిపోయింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు సెన్సస్‌ల పత్రాలు కొన్ని తునకలు తప్ప బూడిదయ్యాయి. వీలునామాల అసలు ప్రతులు, చర్చ్ ఆఫ్ ఐర్లండ్ (ప్రొటెస్టెంట్ చర్చి) రిజిస్టర్లలో సగానికి పైగా వాటితోపాటే పోయాయి. 1861, 1871 సెన్సస్‌ల పాపం మాత్రం ఆ మంటలది కాదు. లెక్కలు తేలాక ప్రభుత్వమే వాటిని నాశనం చేయించింది. 1881, 1891 పత్రాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కాగితం గుజ్జులోకి వెళ్లాయి.

ఇక మిగిలినవి చూడండి. కాథలిక్ రిజిస్టర్లు ఆ భవనంలో లేనే లేవు, పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) చర్చిల్లోనే ఉన్నాయి. సుమారు 1880 వరకు ఉన్న వాటి చిత్రాలను ఐర్లండ్ నేషనల్ లైబ్రరీ 2015 నుంచి ఉచితంగా చూపిస్తోంది. జనన మరణాల ప్రభుత్వ నమోదు 1864 జనవరి 1న మొదలైంది. కాథలిక్కేతరుల పెళ్లిళ్లు మాత్రం 1845 నుంచే ఉన్నాయి. 100 ఏళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన పెళ్లిళ్లు, 50 ఏళ్లు దాటిన మరణాల పేజీలు ఐరిష్‌జీనియాలజీ.ఐఈలో రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతాయి. 1901, 1911 సెన్సస్‌లు పూర్తిగా ఉన్నాయి. 1708లో పెట్టిన ఆస్తి దస్తావేజుల నమోదు కార్యాలయం, రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్, చెక్కుచెదరలేదు. 2022లో మొదలైన వర్చువల్ రికార్డ్ ట్రెజరీ, కాలిపోయిన పత్రాలకు వేరేచోట్ల ఉన్న నకళ్లను పోగుచేసి పెడుతోంది.

అపోహ: కౌంటీ పేరు తెలుసు కదా, అది చాలు.

కార్క్ కౌంటీ అని తెలిస్తే ఏమీ తెలియనట్టే. కావలసింది టౌన్‌లాండ్. పేరులో టౌన్ ఉన్నా అది పట్టణం కాదు. కొన్ని పొలాలు, కొన్ని ఇళ్లు కలిసిన అతి చిన్న భూభాగం. దేశం మొత్తం మీద ఇలాంటివి 60,000కు పైగా ఉన్నాయి. వాటి పైన సివిల్ పారిష్, బారనీ, పూర్ లా యూనియన్, కౌంటీ అనే పాలనా విభాగాలు వస్తాయి. కాథలిక్ పారిష్ హద్దులు సివిల్ పారిష్ హద్దులతో కలవవు, పేర్లూ చాలాసార్లు వేరు. తప్పు పారిష్ రిజిస్టర్ తిరగేసి "మావాళ్లు లేరు" అనుకుని వదిలేయడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

టౌన్‌లాండ్ పేరు ఐర్లండ్‌లో కాదు, వలస వెళ్లిన దేశంలో వెతకాలి. అమెరికా పౌరసత్వ పత్రాల్లో చాలాసార్లు "ఐర్లండ్" అన్న ఒక్క మాటే ఉంటుంది. సమాధి రాళ్లు, సంస్మరణ వార్తలు, అక్కడి కాథలిక్ చర్చి పెళ్లి రిజిస్టర్లు అంతకంటే నయం. న్యూయార్క్‌లో 1850లో పెట్టిన ఎమిగ్రంట్ సేవింగ్స్ బ్యాంకు, ఖాతాదారును గుర్తుపట్టడానికి పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు రాసుకునేది. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక్కరి మీదే ఆగకుండా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెళ్లి సాక్షులు, పిల్లల జ్ఞాన తల్లిదండ్రులు, వీళ్లందరి పత్రాలూ తీయండి. వలస వెళ్లినవాళ్లు ఊరివాళ్ల పక్కనే కాపురం పెట్టేవారు.

టౌన్‌లాండ్ తెలిశాక పన్ను కోసం భూమికి, ఇళ్లకు విలువ కట్టిన పుస్తకం, 1847-1864 మధ్య జరిగిన గ్రిఫిత్ వాల్యుయేషన్ తెరవండి. ఇందులో కుటుంబ సభ్యులు ఉండరు. భూమి, ఇల్లు ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల పేరు, కౌలుకిచ్చినవాళ్ల పేరు, విస్తీర్ణం, వెల ఉంటాయి. ఒకే టౌన్‌లాండ్‌లో ఇద్దరు జాన్ రయన్‌లు ఉంటే? టిప్పరరీ కౌంటీలో ఇది మామూలే. అప్పుడు పేరు పక్కన తండ్రి పేరో, మారుపేరో రాశారు. అది వదిలేస్తే పక్కింటివాళ్ల వంశవృక్షం మీదైపోతుంది! ఆ తర్వాతి మార్పులు రివిజన్ పుస్తకాల్లో ఉంటాయి. పాత పేరు కొట్టేసి, కొత్త పేరు రాసి, పక్కన ఏడాది వేశారంటే మరణమో వలసో అయ్యుంటుంది. కాకపోతే ఆ దిద్దుబాటు కొన్నేళ్లు ఆలస్యంగానూ జరిగేది. ఉత్తర ఐర్లండ్ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితం.

అపోహ: ప్రభుత్వ కాగితంలో వయసు తప్పు ఉండదు.

1901లో 56 ఏళ్లన్న మనిషి 1911లో 71 అంటాడు. కారణం పింఛను. 1909 జనవరి 1 నుంచి 70 ఏళ్లు నిండినవాళ్లకు వృద్ధాప్య పింఛను ఇవ్వడం మొదలైంది. వారానికి 5 షిల్లింగులు. వాళ్లు పుట్టేనాటికి జననాల నమోదే లేదు. అందుకని "1841లో, 1851లో ఫలానా ఇంట్లో పిల్లాడిగా ఉన్నాను, చూడండి" అని పాత సెన్సస్ వెతికించుకునేవారు. తర్వాత ఆ సెన్సస్ కాలిపోయినా, ఈ వెతుకులాట ఫారాలు నేషనల్ ఆర్కైవ్స్‌లో మిగిలాయి. తల్లిదండ్రుల పేర్లు, టౌన్‌లాండ్ వాటిలో ఉంటాయి కాబట్టి తప్పక చూడాలి.

జనన తేదీదీ ఇదే కథ. నమోదు ఆలస్యమైతే జరిమానా పడుతుందని అసలు పుట్టిన రోజు కంటే తర్వాతి తేదీ చెప్పేవారు. పుట్టకముందే జ్ఞానస్నానం అయినట్టు కనిపిస్తే కంగారుపడకండి, చర్చి తేదీనే నమ్మండి. సెన్సస్ వయసుకు అటూ ఇటూ కనీసం ఐదేళ్లు కలిపి వెతకండి.

అపోహ: ఎల్లిస్ ఐలండ్ అధికారులు మా ఇంటిపేరు మార్చేశారు.

ఎల్లిస్ ఐలండ్ న్యూయార్క్ రేవులోని వలసదారుల తనిఖీ కేంద్రం. అక్కడి ఇన్‌స్పెక్టర్లు ఓడ ఎక్కేటప్పుడు తయారైన జాబితా పట్టుకునే ప్రశ్నలడిగేవారు. పైగా అది తెరిచింది 1892లో. 1840ల మహా కరువులో వచ్చినవాళ్లు దాన్ని చూడనే లేదు. పేర్లు మార్చుకున్నది చాలావరకు ఆ కుటుంబాలే. సల్లివన్, ఓసల్లివన్ ఒకే ఇంట్లో కనిపిస్తాయి. హొనోరా, నోరా, హానా ఒకే మనిషి కావచ్చు. డీలియా అంటే బ్రిజెట్ కావచ్చు. చర్చి రిజిస్టర్ లాటిన్‌లో ఉంటే జేమ్స్ జాకోబస్ అవుతాడు, విలియం గులియెల్మస్ అవుతాడు.

అపోహ: డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఊరు తెలిసిపోతుంది.

మీలో ఏ ప్రాంతం ఎంత శాతమో చూపే పటాన్ని పక్కన పెట్టండి. కంపెనీ తన నమూనాలు మార్చినప్పుడల్లా అదీ మారుతుంది. పనికొచ్చేది బంధువుల జాబితా. ముత్తాత తల్లిదండ్రులు ఒకరే అయినా, అలాంటి దాయాదుల్లో పదిమందిలో ఒకరికి మీతో కలిసే డీఎన్ఏ కనిపించకపోవచ్చు. కాబట్టి ఇంట్లో ఉన్న అందరికంటే పెద్దవాళ్లకు ముందు చేయించండి.

అపోహ: ఇంటిపేరుకో రాజముద్ర (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఉంటుంది.

ఉండదు. అది వ్యక్తికి ఇస్తారు, అతని వారసులకు చెందుతుంది. దుకాణాల్లో ఇంటిపేరు వేసి అమ్మే కప్పులు అలంకారానికి బాగుంటాయి.

అపోహ: ముత్తాత ఐరిష్ సైనికుడు కాబట్టి ఐరిష్ పాస్‌పోర్టు వస్తుంది.

ఆంగ్లో ఇండియన్ కుటుంబాల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న. తాతో అమ్మమ్మో నాన్నమ్మో ఐర్లండ్ దీవిలో పుట్టి ఉంటే ఐరిష్ పౌరసత్వం కోసం ఫారిన్ బర్త్స్ రిజిస్టర్‌లో చేరవచ్చు. ముత్తాత అయితే, మామూలుగా, మీరు పుట్టకముందే మీ తల్లో తండ్రో అందులో చేరి ఉండాలి.

పాస్‌పోర్టు రాకపోయినా వంశం దొరుకుతుంది. మద్రాస్ యూరోపియన్ రెజిమెంటే 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్ అయింది. మద్రాస్ ప్రెసిడెన్సీ జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, సమాధుల వివరాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరుసలో ఉన్నాయి. కాథలిక్ ఎంట్రీలన్నీ అందులో చేరలేదు, కాబట్టి స్థానిక చర్చి రిజిస్టర్ కూడా అడగాలి. బ్రిటిష్ సైన్యంలో పింఛను తీసుకున్న సైనికుడి డిశ్చార్జి పత్రంలో పుట్టిన పారిష్, కౌంటీ ఉంటాయి. సర్వీసులో ఉండగా చనిపోయినవాళ్లకు ఆ పత్రం సాధారణంగా దొరకదు. భార్య భారతీయురాలైతే చాలాసార్లు క్రైస్తవ పేరొక్కటే రాశారు. ఆమె వైపు దారి అక్కడే మూసుకుపోతుంది.

అపోహ: పేర్లు, తేదీలు నిండితే వంశవృక్షం పూర్తయినట్టే.

అసలు సరుకు ఆ తర్వాతే మొదలవుతుంది. 1911 సెన్సస్‌లో ఇంటి యజమాని నింపిన ఫారం ఒక్కటే చూసి ఆపకండి. దానికి జతగా ఎన్యుమరేటర్ (జనాభా లెక్కలు రాసే ఉద్యోగి) రాసిన బి1 ఫారంలో గోడ రాయో ఇటుకో అయితే 1, మట్టిదైతే 0, కప్పు పలకరాయిదైతే 1, గడ్డిదైతే 0 అని వేశారు. గదులెన్నో, ముందువైపు కిటికీలెన్నో కూడా ఉంటాయి. బి2లో ఆవుల కొట్టం, పందుల దొడ్డి, కోళ్ల గూడు కనిపిస్తాయి. ఇంటి ఫారంలో పెళ్లై ఎన్నేళ్లు, ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, ఇప్పుడున్నది ఎందరు అన్న మూడు గడులు ఉంటాయి. ఆ ప్రశ్న భర్త ఉన్నవాళ్లకే. అయినా కొందరు విధవరాళ్లు జవాబు రాశారు, ఎన్యుమరేటర్ కొట్టేశాడు. ఆన్‌లైన్ సూచికతో తృప్తిపడకుండా అసలు పేజీ తెరిస్తే, ఆ గీత కింద, ఉదాహరణకు, పుట్టినవాళ్లు "9", ఉన్నవాళ్లు "5" అని ఇంకా చదవొచ్చు. మిగతా నలుగురినీ 1864 తర్వాతి మరణాల రిజిస్టర్‌లో వెతకాలి.

ఇక రోజువారీ బతుకు. సెయింట్ పాట్రిక్స్ డే కోసం చేసే కార్న్‌డ్ బీఫ్ అమెరికా ఐరిష్‌ల వంట, ఊళ్లో తిన్నది బేకన్, క్యాబేజీ. నిజంగా మీవాళ్ల ఇల్లు ఎలా గడిచిందో కావాలంటే 1937-39లో ప్రాథమిక పాఠశాలల పిల్లలు పెద్దల్ని అడిగి రాసిన స్కూల్స్ కలెక్షన్ చదవండి. డూకస్.ఐఈలో ఉచితం. వెన్న చిలకడం, పుండుకు పూత, ఫిబ్రవరి 1 పండగకు జమ్ముగడ్డితో సెయింట్ బ్రిజిడ్ శిలువ అల్లడం, అన్నీ పిల్లల చేతిరాతలో ఉంటాయి. కింద చాలాచోట్ల చెప్పినవాళ్ల పేరు, వయసు, టౌన్‌లాండ్ ఉంటాయి. ఇంటిపేరుతో వెతికి ఊరుకోకండి, పారిష్ పేరుతో, స్కూలు పేరుతో వెతకండి. చెప్పింది మీవాళ్లు కాకపోయినా వాళ్ల పొరుగువాళ్లు అయ్యుంటారు. ఉత్తర ఐర్లండ్‌లోని ఆరు కౌంటీలు మాత్రం ఈ సేకరణలో లేవు.