ఉప్పుగాలికి తిరిగే పాత పికప్పు సైలెన్సర్: అపోహలు - వాస్తవాలు

కాకినాడ కుంభాభిషేకం రేవు నుంచి ఐసు పెట్టెల్లో చేపలు ఎత్తుకొచ్చే పికప్పులు, రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రిళ్లు తిరిగే పికప్పులు మా షెడ్డుకు ఎక్కువగా వస్తుంటాయి. పదేళ్లు దాటిన బొలెరో పికప్పు కింద పడుకుని పైకి చూస్తే ఛాసిస్ ఇంకా గట్టిగానే కనిపిస్తుంది, 2523 సీసీ ఇంజిన్ కూడా మరో లక్ష కిలోమీటర్లకు సిద్ధంగానే ఉంటుంది. సైలెన్సర్ మాత్రం చేత్తో తాకితే పొరలు పొరలుగా రాలుతుంటుంది. దాన్ని మార్చాలా, మాటు వేయాలా అన్న బేరం మొదలయ్యేసరికి యజమానులు, డ్రైవర్లు, అప్పుడప్పుడు తోటి మేస్త్రీలు కూడా కొన్ని మాటలను తిరుగులేని నిజాల్లా చెబుతారు. వాటిలో తరచూ వినేవాటిని ఇక్కడ రాస్తున్నాను. మా వాడుకలో సైలెన్సర్ అంటే డబ్బా ఒక్కటే కాదు. ఇంజిన్ పొగను ఒకచోట చేర్చే మానిఫోల్డు దగ్గర మొదలై ఫ్రంట్ పైపు, పొగను శుద్ధి చేసే కన్వర్టర్, చప్పుడు తగ్గించే డబ్బా, ఎండ్ పైపు వరకు ఉన్న వరుసంతా సైలెన్సరే.

అపోహ: తుప్పు బయటి నీళ్ల వల్లే పడుతుంది, సిల్వర్ రంగు వేస్తే ఆగిపోతుంది.

బయటి నీటి పాత్ర లేకపోలేదు, కాని సైలెన్సర్‌ను ముందుగా తినేది లోపలి నీరు. డీజిల్‌లోని హైడ్రోజన్ కాలినప్పుడు నీరుగా మారుతుంది. లెక్క వేస్తే లీటరు డీజిల్‌కు సుమారు లీటరు నీరు ఆవిరిగా ఆ పైపులోంచే పోతుంది. బండి దూరం పరుగెత్తితే వరుసంతా కాగి ఆవిరి బయటికి వెళ్లిపోతుంది. రేవు నుంచి మార్కెట్టుకు నాలుగు కిలోమీటర్లు నడిపి ఆపేసే బండిలో డబ్బా కాగేలోపే ఇంజిన్ ఆగుతుంది, ఆవిరి లోపలే చల్లబడి అడుగున నిలుస్తుంది, డీజిల్‌లోని గంధకం కాలి ఆ నీటితో కలిసి ఆమ్లమవుతుంది. పాత కాలుష్య ప్రమాణమైన బీఎస్-3 డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలకు 350 వరకు ఉండేది, 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో అది 10కి తగ్గింది. ఆమ్లం బెడద ఆ మేరకు తగ్గింది గాని నీటి బెడద అలాగే ఉంది. ఊళ్లోనే తిరిగే బండికి వెనక డబ్బా ముందు పోవడానికి కారణం ఇదే, ఎందుకంటే అది అన్నిటికన్నా చివర కాగుతుంది.

చాలా డబ్బాలకు అడుగున పెన్ను ములికంత రంధ్రాన్ని కంపెనీయే పెడుతుంది, ఈ నీరు కారిపోవడానికే. దాన్ని చూసి చిల్లు పడిందనుకుని వెల్డింగ్‌తో మూయించుకుని వచ్చినవారున్నారు. అలాంటి ఒక డబ్బాను విప్పి తలకిందులు చేస్తే కాటుక కలిపినట్టున్న నల్లటి నీరు చెప్పుల మీద ఒలికింది.

చేపల బండికి బయటి దాడి కూడా తోడవుతుంది. ఐసు కరిగిన ఉప్పునీరు బాడీ రేకుల సందుల్లోంచి కారి సరిగ్గా పైపు మీదే పడుతుంది. వేడిని తట్టుకునే రంగు బయటి తుప్పును కొన్నాళ్లు ఆపుతుంది, కాని సైలెన్సర్ చల్లారాక మంచినీటితో బండి అడుగు కడగడం అంతకన్నా ఎక్కువ మేలు చేస్తుంది. అమెరికాలో మంచు పడే రాష్ట్రంలో ఉంటున్న మా బంధువు తన పికప్పు అడుగు ఫొటో పంపితే మన తీరాన ఉన్న ఉప్పాడ బండే అనుకున్నాను. అక్కడ మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లుతారట, మనకు ఆ పని సముద్రమే చేసి పెడుతుంది.

అపోహ: చిల్లు పడిన చోట మాటు వేస్తే చాలు, మొత్తం మార్చమనడం మేస్త్రీ వ్యాపారం.

ఈ అనుమానంలో తప్పేమీ లేదు, నిజంగానే కొన్నిసార్లు మాటు సరిపోతుంది. రాయి తగిలి పైపు చీలినా, మంచి రేకు మీద అతుకు ఒకచోట విడిపోయినా వెల్డింగ్ చేయించి సంవత్సరాలు నడుపుకోవచ్చు. తుప్పు చిల్లు సంగతి వేరు. లోపలి నుంచి తినేసిన పైపుకు చిల్లు కనబడే చోట సున్నా మందం ఉంటే, దాని చుట్టూ జానెడు మేర కాగితమంత మందమే మిగిలి ఉంటుంది, అక్కడ రాడ్డు పెడితే రేకు అతుక్కోదు, కరిగి చిల్లు ఇంకా పెద్దదవుతుంది.

నేను చేసే పరీక్ష చిన్నది. బండి చల్లారాక పాత స్క్రూడ్రైవర్ పిడితో పైపు పొడవునా తడుతూ వెళ్తాను. మంచి పైపు కంచంలా మోగుతుంది, పోయిన పైపు తడి అట్టలా చప్పబడుతుంది. చప్పబడిన చోట మొనతో పొడిస్తే దిగిపోతుంది. ఆ గుర్తులన్నిటికీ సుద్దతో గీత పెట్టి యజమానిని కిందకి వంగి చూడమంటాను. గీతలు ఒకే ముక్క మీద ఉంటే ఆ ముక్కే మారుస్తాం. డబ్బాకు ముందూ వెనకా గీతలుంటే మాట్లకు పెట్టే కూలి మూడు నెలల్లో కొత్తదాని ధరకు చేరుతుంది.

చవక అని ముక్కకు బదులు జీఐ నీళ్ల పైపు అతికించమని అడిగేవారు ఉంటారు. ఆ పైపు మీది జింకు పూత వెల్డింగ్ వేడికి తెల్లటి పొగగా లేస్తుంది, అది పీల్చిన వెల్డరుకు ఆ రాత్రి చలి జ్వరం వస్తుంది. నేను ఒప్పుకోను. అలాగే కంప్యూటరుతో డీజిల్ చిమ్మే సీఆర్‌డీఐ ఇంజిన్ బండికి ఆర్క్ వెల్డింగ్ చేసే ముందు బ్యాటరీ కేబుళ్లు తీయాలి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గర్లోనే పెట్టాలి. లేకపోతే రెండు వందల పని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) ఖర్చుగా మారవచ్చు.

అపోహ: కన్వర్టర్, డబ్బా తీసేసి నేరుగా పైపు వేస్తే బండి లాగుడు, మైలేజీ పెరుగుతాయి.

కన్వర్టర్ మసితో మూసుకుపోయి ఉంటే, దాన్ని మార్చాక లాగుడు పెరిగిన మాట నిజమే, కాని ఆ లాభం అడ్డు తొలగడం వల్ల వచ్చింది. బాగున్నదాన్ని తీసేస్తే లోడు బండికి తెలిసేంత తేడా ఉండదు, చప్పుడు మాత్రం వీధి చివరి వరకు తెలుస్తుంది. పొగ వెనక్కి కొంత ఒత్తిడి పెడితేనే ఇంజిన్‌కు మంచిదన్న ఎదురు మాట కూడా వింటుంటాను, అదీ నిజం కాదు. పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలిని తోసే టర్బో ఉన్న బండిలో అసలు చూడాల్సింది టర్బోకు ముందున్న లీకు: మానిఫోల్డు ప్యాకింగ్ దగ్గర పొగ తప్పించుకుంటే టర్బోను తిప్పే బలం తగ్గుతుంది, గాలి చాలక నల్లపొగ వస్తుంది, ఎత్తు ఎక్కలేక బండి రొప్పుతుంది. అప్పుడు డబ్బా ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది ప్రతి వాహనానికీ సైలెన్సర్ ఉండాలంటుంది. చప్పుడు, పొగ ప్రమాణాలు మీరితే 2019 సవరణ తర్వాత జరిమానా పదివేల వరకు ఉంది.

కన్వర్టర్ లోపల ప్లాటినం జాతి లోహాల పూత ఉంటుంది, దానికి స్క్రాపులో మంచి గిరాకీ. ఒకసారి మరో ఊళ్లో పని చేయించుకుని వచ్చిన బండి కన్వర్టర్‌ను ఊపి చూస్తే లోపల ఏమీ లేదు, వట్టి డొల్ల. యజమానికి ఆ సంగతే తెలియదు. పాత సామాను చూపించమని అడగడానికి మొహమాటపడకండి.

అపోహ: పొడుగు పైపు తొడిగి లాగితే ఊడని నట్టు ఉండదు.

ఊడుతుంది, నట్టు ఎక్కే మరల కడ్డీ అయిన స్టడ్డుతో సహా విరిగి ఊడుతుంది. మానిఫోల్డులో స్టడ్డు తెగితే గంట పని రోజు పని అవుతుంది, దాన్ని డ్రిల్లు చేసి, మరలు మళ్లీ వేయాలి. ముందురోజు సాయంత్రమే తుప్పు వదిలే స్ప్రే కొట్టి వదిలేస్తాం. ఉదయం నట్టును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, కాస్త ఎరుపు తగ్గాక మరల దగ్గర మైనపు కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి సందుల్లోకి ఇంకుతుంది. పానాతో మొదట ఒక వెంట్రుకంత బిగింపు వైపు, తర్వాత విప్పే వైపు, అలా ముందుకూ వెనక్కూ ఆడిస్తే నట్టు కీచుమంటూ కదులుతుంది. ఆ కీచు వినబడితే సగం పని అయినట్టే. పక్కనే డీజిల్ పైపు, బ్రేకు పైపు ఉంటే మంట జోలికి పోకుండా నట్టును ఉలితో చీల్చేస్తాం. కొత్త స్టడ్లకు రాగి పేస్టు పూస్తే వచ్చేసారి ఈ తంటా ఉండదు.

అపోహ: సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు తెగితే తీగతో కట్టినా, ఛాసిస్‌కు వెల్డింగ్ చేసినా ఒకటే.

ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, సైలెన్సర్ దానితో పాటు ఊగాలి. ఒక కొసను ఛాసిస్‌కు బిగించేస్తే ఆ ఊపంతా ఫ్రంట్ పైపు ఫ్లాంజి (బోల్టులతో బిగించే అంచు) మీద పడి అక్కడ పగులుతుంది. కొత్త వరుస వేసేటప్పుడు రబ్బర్లన్నీ కొత్తవే వేసి, మొత్తం వదులుగా వేలాడదీసి, ప్రొపెల్లర్ షాఫ్టుకూ స్టెప్నీకీ బ్రేకు పైపులకూ ఎడం చూసుకున్నాకే ఇంజిన్ వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. ఖాళీ బండికి సరిపోయిన ఎండ్ పైపు లోడు పడగానే యాక్సిల్‌కు కొట్టుకుంటుంది కనుక, అది యాక్సిల్ మీదుగా వెళ్లే బండ్లకు కట్టలు (స్ప్రింగు పట్టీలు) కిందికి దిగినప్పుడు ఎంత సందు మిగులుతుందో ముందే లెక్క చూసుకోవాలి.

అపోహ: పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, కాబట్టి సైలెన్సర్ బాగున్నట్టే.

ఆ పరీక్ష ఎండ్ పైపు దగ్గర వచ్చే పొగ చిక్కదనాన్ని కొలుస్తుంది. మధ్యలో కారిపోయే పొగను అది పట్టించుకోదు.

అపోహ: డీజిల్ పొగతో ప్రాణభయం లేదు, అది పెట్రోలు బండ్ల సంగతి.

పెట్రోలుతో పోలిస్తే డీజిల్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ తక్కువే, కాని అసలు లేకుండా ఉండదు. దానికి రంగూ వాసనా ఉండవు, రక్తంలో ఆక్సిజన్ స్థానాన్ని అది ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. చెరువు దగ్గర లోడు కోసం ఎదురుచూస్తూ ఇంజిన్ ఆడిస్తూ అద్దాలెత్తుకుని నిద్రపోయే డ్రైవరు తమ్ముళ్లకు ఇది ప్రత్యేకంగా చెబుతుంటాను. పాత బండికి క్యాబిన్ నేల కూడా తుప్పు పట్టి ఉంటుంది, గేరు రాడ్డు దగ్గరి రబ్బరు చిరిగి ఉంటుంది, ఫ్రంట్ పైపు లీకు సరిగ్గా వాటి కిందే ఉంటుంది. ఎండ్ పైపు ఊడినా నష్టం లేదనుకోవడమూ ఇందులో భాగమే. పొగ కిందికి గాని ఎడమవైపుకు గాని కాక, వెనక్కో కుడివైపుకో పోవాలని నిబంధన ఉండటానికి ఎడమవైపు నడిచే మనుషులు కూడా కారణం.

అపోహ: కొత్త సైలెన్సర్ వేశాక పొగ, వాసన వస్తే పని చెడిపోయినట్టే.

మొదటిసారి కాగినప్పుడు పైపు మీది నూనె, రంగు, పేస్టు కాలి అరగంట పాటు వాసన వస్తుంది. దాన్ని లీకు నుంచి వేరు చేయడానికి ఒక ఉపాయం ఉంది. ఇంజిన్‌ను ఐడిలింగ్‌లో ఉంచి, చేతికి తొడుగు వేసుకుని, తడి గోనెపట్టాను ఎండ్ పైపుకు రెండు మూడు క్షణాలు అడ్డం పెట్టాలి. చప్పుడు మందగించి పట్టా వెనక్కి తోస్తే వరుస బిగుతుగా ఉన్నట్టు. ఎక్కడో బుసబుసమంటే ఆ అతుకు విప్పి ప్యాకింగ్ చూడాలి. వారం తిరిగాక బండిని మళ్లీ తీసుకురమ్మంటాను, ఎందుకంటే కాగి చల్లారిన ప్యాకింగ్ కొంచెం అణుగుతుంది, అప్పుడు ఫ్లాంజి నట్లు ఒక్కొక్కటీ పావు చుట్టయినా ఎక్కుతాయి.